తాండూరు పెరటిలోని అతిథులు



తాండూరు పేరు వినగానే మీలో చాలమందికి పాదముల క్రింది బండయో, పళ్ళెములోని పప్పో జ్ఞప్తికి వచ్చును. హైదరాబాదు మొదలుకొని దూరప్రాంతముల వఱకు ఎన్నో యిండ్ల నేలపై పఱచిన నీలిబండలు మా యూరి చుట్టుపట్ల గనులనుండి పోయినవే. మా నల్లరేగడి నేలలలో పండు కందికి 2022 వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు సహితము లభించినది. నేడు నేను మీకు విన్నవింపబోవు సంగతి వీనికంటె మిక్కిలి చిన్నది. మా పెరటిలో పిచ్చుకలకు పెట్టిన గింజలు ఉడుతల పాలు గాకుండ కాపాడుట యెట్లు? ఈ చిన్న ప్రశ్నకు సమాధానము దొరకుటకు నాకు ఇంచుమించు ఒక సంవత్సరము పట్టినది. కడపట ఆ సమాధానము మా యూరి బండయందే దొరకినది గాని, దానిని కనుగొనులోపల ఒక తప్పు చేసితిని. ఆ తప్పు మీరు చేయకుందురుగాక యని యీ వ్యాసము వ్రాయుచున్నాను.

మా యూరు వికారాబాదు జిల్లాలో, కర్ణాటక సరిహద్దునకు చేరువగా నున్నది. 1874 లో నడచిన వాడి–సికిందరాబాదు రైలుదారి యూరిమీదుగా పోవును. ఊరిప్రక్కనుండి పాఱు కాగ్నానది కన్నడసీమకు పోయి భీమలో కలియును. 1956 వఱకు ఈ తాలూకా గుల్బర్గా జిల్లాలోనిది. ఆ యేట జరిగిన రాష్ట్రముల పునర్విభజనలో హైదరాబాదు జిల్లాలో చేరి తెలుగువారితో కలసినది. అందువలన మా అంగడివీధిలో ఒక్క బేరము మూడు భాషలలో నడచును. తెలుగులో వెల యడిగినచో ఉర్దూలో చెప్పి, చిల్లరను కన్నడములో లెక్కించి చేతిలో పెట్టువారు కలరు.

మావారు ఉపాధ్యాయులు. మేము కాపురముండు స్థలము మామగారి తండ్రిగారి నాటిది. రెండేండ్ల క్రిందటి వఱకు అచ్చట మట్టిమిద్దె యుండెడిది. దాని దూలముల సందులలోను, గోడల పగుళ్ళలోను ఎన్ని పిచ్చుకలు కాపురముండెడివో లెక్కలేదు. మా అత్తగారు వసారాలో కూర్చుండి చేటతో జొన్నలు చెఱుగుచుండగా, ఎగిరిపడిన నూకను అవి ఆమె పాదముల చెంతనే ఏఱుకొని తినుచుండెడివి. నేను క్రొత్తకోడలినై వచ్చిన దినములలో, గోడ అద్దములోని తన నీడతో తానే పోరాడు పిచ్చుకను చూచి పుట్టింటి బెంగ మఱచితిని.

రెండేండ్ల క్రిందట వానలకు వెనుకగోడ కూలినందున, ఆ మిద్దెను తీసివేసి కాంక్రీటు ఇల్లు కట్టుకొంటిమి. ఆ కాలముననే మా అత్తగారికి నీటికాసుల వ్యాధి ముదిరి, ఎడమకంటి చూపు పూర్తిగను, కుడికంటి చూపు చాలవఱకును పోయినది. పోయిన చూపు మఱల రాదనియు, ఉన్నదానిని కాపాడుకొనవలెననియు వైద్యులు చెప్పిరి. ఆనాటినుండి ఆమె దినమును చెవులతోనే కొలుచుకొనుచున్నారు. రైలు కూతను బట్టి మధ్యాహ్నము, బడి గంటను బట్టి సాయంకాలము. తెల్లవాఱినదని చెప్పవలసినవి పిచ్చుకలు. క్రొత్తయింటిలో చేరిన వారమునాడు, ఉదయము ఏడుగంటలకు నేను చాయ తీసికొనిపోగా ఆమె మంచముపైననే యున్నారు. "ఇంక తెల్లారలేదా బిడ్డా? పిట్టలు కూస్తలేవు గద!" అనిరి. నేను కిటికీ తెఱచితిని. ఎండ ఆమె చేతులపై పడినది. ఆమె ఆ వేడిని తడవి చూచుకొని యేమియు మాటాడలేదు. నేను పిచ్చుకలకు గింజలు పెట్టుట ఆనాడే మొదలుపెట్టితిని.

పిచ్చుకలు మనలను విడిచిపోవుటకు కారణములు మన యిండ్లలోనే కలవు. అవి చెట్టుకొమ్మలపై కన్న గోడకన్నములలో, చూరుసందులలో గూడు పెట్టుటకు ఇష్టపడును. కాంక్రీటు గోడకు కన్నములేదు, చూరులేదు. నేడు ధాన్యము శుభ్రపడి సంచులలో వచ్చుచున్నందున చేటకు పనిలేదు. చేటకు పనిలేనిచో పిచ్చుకకు నూకలేదు. పెద్దపిచ్చుక గింజలు తిని బ్రదుకగలదు గాని, పిల్లలను మొదటి దినములలో పురుగులతోనే పెంచవలెను. పెరడంతయు గచ్చు చేసి, మిగిలిన నాలుగు మొక్కలపై మందు చల్లినచో ఆ పురుగులును ఉండవు. ఈ సంగతి లోకమునకు తెలియుటకై 2010 నుండి మార్చి 20 వ తేదీని ప్రపంచ పిచ్చుకల దినముగా జరుపుచున్నారు. ఢిల్లీ ప్రభుత్వము 2012 లో పిచ్చుకను తమ రాష్ట్రపక్షిగా ప్రకటించినది. పక్షికి పదవి వచ్చినదనగా దాని గతి చెడినదని యర్థము చేసికొనవచ్చును.

మొదట నేను ఒక మట్టిమూకుడులో నూకలు పోసి ప్రహరీగోడపై పెట్టితిని. రెండవనాటికే అతిథి వచ్చెను, వచ్చినది ఉడుత. పెరటి జామచెట్టునుండి గోడపైకి ఒక్క దుముకు దుమికి, తోకను వీపుమీదికి మడచికొని, ముందరికాళ్ళతో గింజను పట్టుకొని, విందునకు పిలువబడిన పెద్దమనిషివలె తినుచు కూర్చుండెను. కొంతసేపటికి దాని బంధువులు మూడు వచ్చినవి. రెండు పిచ్చుకలు తీగపై కూర్చుండి చూచి చూచి పోయినవి. నేను కఱ్ఱ చేత పట్టుకొని బయటికి పోవుట విని అత్తగారు, "రాముడు నిమిరిన వీపు బిడ్డా అది. దాన్ని కొడితే పాపం" అనిరి. నేను నాలుగు కావ్యములు చదివిన గర్వముతో, "ఆ కథ వాల్మీకి రామాయణములో లేదు అత్తమ్మా" అంటిని. "వాల్మీకి రాయకుంటే దాని వీపుమీది గీతలు యాడికి పోతయి బిడ్డా?" అని ఆమె నవ్విరి. సంస్కృతమున లేకున్నను మన గోన బుద్ధారెడ్డిగారి రంగనాథ రామాయణమున ఉడుతకు స్థానము కలదని జ్ఞప్తికి రాగా నేను కఱ్ఱను మూలకు పెట్టితిని. ఇక మిగిలినది ఉపాయమే.

కోస్తా జిల్లాలలో వరికంకులను కుచ్చులుగా అల్లి చూరునకు వ్రేలాడదీయుట మీరు చూచియే యుందురు. మాది జొన్నల సీమ గనుక నేను జొన్నకంకులను, సజ్జకంకులను కట్టగా కట్టి వసారా కప్పునుండి త్రాటితో వ్రేలాడదీసితిని. చూచుటకు మిక్కిలి అందముగా నుండెను. ఉడుత కిటికీ చువ్వలమీదుగా కప్పు చేరి, తలక్రిందుగా త్రాడు దిగి, కట్టను ఊయెలగా చేసికొని తినెను. త్రాటికి బదులు సన్నని యినుపతీగ కట్టితిని. అది గోడనుండి దుమికి కట్టనే పట్టుకొనెను. వ్రేలాడదీసిన దేదియు దుముకుదూరములో నున్నంతవఱకు ఉడుతకు అందనిది కాదని అప్పుడు తెలిసికొంటిని.

పిమ్మట మావారు, ఉడుతలు తినలేని పెట్టె యని పేరుపొందిన దానిని తపాలా ద్వారా తెప్పించిరి. దాని వెల నేను వ్రాయను. వ్రాసినచో మా యింటి గుట్టు బయటపడును. ఆ పెట్టె కట్టడిలో తెలివి కలదు. గింజల కిటికీ ముందట ఒక కమ్మి యుండును. పిచ్చుక కూర్చున్నచో కమ్మి కదలదు. బరువైన జంతువు కూర్చున్నచో కమ్మి క్రుంగి కిటికీ మూసికొనును. మా పెరటిలో మొదటి యుదయముననే ఉడుత దానిపై కూర్చుండి సుఖముగా భోజనము చేసెను, కమ్మి కదలలేదు.

కారణము విచారింపగా బోధపడినది. ఆ పెట్టెలు అమెరికా బూడిదరంగు ఉడుతకొఱకు చేసినవి. అమెరికానుండి ఈ జాతిని 1876 లో ఇంగ్లండునకు తెచ్చి విడువగా, అచ్చటను అది పెరుగుచు వచ్చి తోటల యజమానులకు తలనొప్పి యైనది. దాని బరువు ఇంచుమించు 400 మొదలు 600 గ్రాముల వఱకు ఉండును. మన చారల ఉడుత బరువు సుమారు 100 గ్రాములు; గోరువంకయు ఇంచుమించు అంతియే తూగును. పిచ్చుక 30 గ్రాములకు మించదు. కావున కమ్మిని మన ఉడుతకు తగినట్లు బిగించినచో గోరువంకయు, రామచిలుకయు సహితము ఆకలితో తిరిగి పోవలసివచ్చును. పరదేశపు తాళము మన తలుపునకు పట్టదని తెలిసికొని ఆ పెట్టెను అటకపై పెట్టితిమి. పెట్టెచుట్టు చదరపు గళ్ళ పంజరము గల రకము మఱియొకటి కలదు. అంగుళమున్నర గడిలో సీమ ఉడుత పట్టదు గాని మన ఉడుత నీళ్ళవలె జాఱిపోవును. కొనదలచిన సోదరీమణులు ఈ కొలతలను ముందుగా విచారించుకొనవలెను.

ఇక వంటయింటి మందులు రెండు ప్రయోగించితిని. మొదటిది మిరపపొడి. మిరపలోని కారము పాలిచ్చు జంతువుల నోటికి మంట పుట్టించును గాని, పక్షుల నోటికి మంటగా తోచదు. పక్షి కడుపులో మిరపగింజ చెడక బయటపడి మొలచును గనుక, దూరముగా విత్తనము చల్లువారికి తీపియై, కొఱికి పాడుచేయువారికి ఘాటైనట్లు ప్రకృతి యేర్పఱచినది. చిలుకలు ఎఱ్ఱని మిరపపండ్లను కొఱుకుట మనమెఱిగినదే. నేను గింజలలో కొంచెము కారము కలిపితిని. ఉడుత ఒక్క గింజ తిని, రెండుచేతులతోను మూతి తుడుచుకొనుచు గోడపై కూలబడెను. ఆ తుడుచుకొనుట పసిబిడ్డ తుడుచుకొన్నట్లుండెను. ఆనాడే గాలికి ఆ పొడి లేచి మా చిన్నదాని కంటిలో పడినది. కంటి వ్యాధితో బాధపడువారున్న యింటిలో ఇటువంటి పని చేసితినిగదా యని సిగ్గుపడి మూకుడు కడిగివేసితిని.

రెండవది కుసుమగింజ. తాండూరు చుట్టుపట్ల శీతకాలమున కుసుమచేలు పూచినప్పుడు నేలపై పసుపుకుంకుమలు చల్లినట్లుండును. మా యూరి వ్యవసాయ పరిశోధనాస్థానమున కందితోపాటు కుసుమపైనను పరిశోధనలు జరుగును. ఆ గింజ తొక్క గట్టిది, రుచి చేదు. అందుచేత అమెరికాలో ఉడుతలు అంతగా ముట్టవని దానిని పక్షుల మేతగా అమ్ముదురు. ఇంటి మందు ఇంటనే యుండగా సీమపెట్టె కొంటిమేయని నవ్వుకొని, మూకుడునిండ కుసుమలు పోసితిని. రామచిలుకలు వచ్చి పండుగ చేసికొన్నవి. ఉడుతలు వాసన చూచి పోయినవి. పిచ్చుకలును వాసన చూచినట్లే పోయినవి! ఏ చుట్టమునకై పందిరి వేసితిమో ఆ చుట్టమే రాని పెండ్లి యైనది.

ఇట్లుండగా శ్రావణమాసమున ఒక పిచ్చుకల జంట మా వసారా చూడవచ్చినది. మావారు సంతోషముతో ఒక దేవదారు పెట్టెకు రెండంగుళముల కన్నము చేసి వసారా స్తంభమునకు కట్టిరి. అవి గడ్డి, దారములు మోసికొని వచ్చి గూడు పెట్టినవి. తల్లికి మేత దూరము కారాదని నేను జొన్నకంకుల కట్టను సరిగా ఆ పెట్టె క్రిందనే వ్రేలాడదీసితిని. అత్తగారు తెల్లవాఱకముందే మంచము దిగి వసారాలో కూర్చుండుట మొదలుపెట్టిరి. "మగపిట్ట వచ్చింది, ఆడపిట్ట పోయింది" అని గొంతును బట్టి చెప్పుచుండిరి. ఇంటిలో మఱల ఆమె మాట వినబడినది. పదిదినములు అట్లు గడచినవి.

ఒకనాటి మధ్యాహ్నము పిచ్చుకలు రెండును ఒక్కసారి గొల్లున అఱచినవి. నేను పోవునప్పటికి ఉడుత పెట్టె కన్నమునుండి వెలికివచ్చుచుండెను. క్రింద గచ్చుపై గ్రుడ్డుపెంకులు పడియున్నవి. గింజలకై వచ్చిన ఉడుత గూటిని చూచినది. కన్నము దానికి చాలినంత వెడల్పు. ఉడుత పండ్లు, గింజలతో తృప్తిపడు సాధుజంతువని నేననుకొంటిని గాని, చిక్కినప్పుడు గ్రుడ్లను, పసికూనలను సహితము తినునని అప్పుడు తెలిసినది. నాకు దుఃఖముతోపాటు కోపము వచ్చెను. మూల పెట్టిన కఱ్ఱను మఱల చేత పట్టితిని. అత్తగారు నా చీర చెఱగు పట్టుకొని, "ఉడుతది తప్పుగాదు బిడ్డా. బువ్వ బెట్టిన కాడనే ఉయ్యాల గట్టినం" అనిరి. ఆమె మనమందఱమును కలిపి "గట్టినం" అనిరి గాని, కట్టినది నేనొక్కతెనే. మఱునాడు ఉదయము పిచ్చుకలు రాలేదు. ఆమె ఎప్పటివలెనే వసారాలో కూర్చుండి, కొంతసేపటికి లోపలికి పోయిరి.

కార్తికమాసమున అత్తగారి కోరికపై అనంతగిరి పద్మనాభస్వామి దర్శనమునకు పోతిమి. తాండూరునుండి వికారాబాదు సుమారు నలువది కిలోమీటర్లు. రైలుదిగి, ఆటోలో కొండ యెక్కగానే గాలి మాఱును. మూసీనది పుట్టుచోటు ఆ కొండలే. స్వామి దర్శనము చేసికొని, చెట్లక్రింద బండపై కూర్చుండి పులిహోర తినుచుండగా, అత్తగారు తలయెత్తి వినుచు, "ఈడ ఎన్ని పిట్టలున్నయి బిడ్డా!" అనిరి. నేనును చూచితిని. ఒక మఱ్ఱిచెట్టుపై ఉడుతలును కలవు, గోరువంకలును, పిగిలిపిట్టలును కలవు; మఱ్ఱిపండ్లు అన్నియు తినుచున్నవి; తగవు కొంచెము కలదు గాని నాశము లేదు. అడవిలో మేత చెట్టంతయు చెదరియుండును, గూడు కంటబడకుండ నుండును. నేను చేసినదేమి? మేతనంతను ఒక్కచోట కుప్పపోసి, దాని నెత్తిన గూడు కట్టించితిని. కుప్ప చూపి దొంగను పిలిచి, దొంగయని తిట్టితిని. నీతిచంద్రికలో చిత్రగ్రీవుడు, నిర్జనమైన అడవిలో నూకలు కనబడినప్పుడు శంకింపవలెనని పావురములకు చెప్పెను. ఆ నీతి గింజలు తినువారికే గాక, చల్లువారికిని అవసరమని నాకు ఆ కొండపై తోచినది.

కొండ దిగునప్పటికి మూడు నిశ్చయములు చేసికొంటిని. మేత వేఱు, గూడు వేఱు కావలెను. పిచ్చుకల పళ్ళెము ఉడుత దుముకునకు అందరాదు. ఉడుతకును ఒక వంతు ఉండవలెను.

పాశ్చాత్య దేశముల గృహస్థులు పక్షుల పళ్ళెమునకు 5, 7, 9 అను కొలత చెప్పుదురు. నేలనుండి 5 అడుగుల ఎత్తు, ప్రక్కనున్న చెట్టునకుగాని గోడకుగాని 7 అడుగుల ఎడము, పైనున్న కొమ్మకు 9 అడుగుల ఎడము ఉండవలెనని వారి లెక్క. అది సీమ ఉడుత దుముకును బట్టి చెప్పినది గనుక మన చిన్న ఉడుతకు చాలియుండును. మా పెరడు పొడవు ఇరువదినాలుగు అడుగులు, వెడల్పు పదునెనిమిది. త్రాటితో కొలిచి చూడగా, జామచెట్టు కొమ్మ నొకదానిని తీసివేసినచో ఈ కొలతలు సరిపడు చోటు ఒక్కటే దొరకినది. అచ్చట ఒక నున్నని యినుపగొట్టము పాతవలెను. గొట్టమునెక్కు ఉడుతను అడ్డగించుటకు నడుమ ఒక గొడుగువంటిది కావలెను. ఓడలను రేవునకు కట్టు మోకులకు ఎలుకలు ప్రాకకుండ గుండ్రని రేకులు తొడుగుదురని మావారు చెప్పిరి. రేకు గాలికి మ్రోగును, త్రుప్పుపట్టును. మా యూరిలో రేకును వెదకనేల?

మార్గశిరమున ఒక ఉదయము మేమిద్దఱము రైలుకట్ట దాటి, బండలు కోసి నునుపు చేయు కార్ఖానాల వైపు పోతిమి. ఆ వీధి చూడని వారికి తాండూరు సగము తెలియనట్లే. ఇరుప్రక్కల నీలిబండలు, పసుపుబండలు గోడలకు చేర్చిన పుస్తకములవలె నిలువుగా పేర్చియుండును. కోతయంత్రముల రొదలో మాట వినబడదు. ఱంపముపై ఎడతెగక నీరు పోయుదురు. ఆ నీరు తెల్లని బురదయై కాలువలలో పాఱును. ఎండిన పొడి చెట్లపై, మనుష్యుల కనుబొమలపై బూడిదవలె కూర్చుండును. మన యింటిలో నున్నని నేలపై నడచునప్పుడు ఆ కనుబొమలను తలచువారు కొందఱే. నేను కావలసిన బండను వ్రేలితో గీసి చూపితిని: ఒకటిన్నర అడుగుల వ్యాసము గల గుండ్రని బండ, అంగుళము మందము, రెండువైపుల నునుపు, నడుమ గొట్టము పట్టునంత రంధ్రము. పనివాడు దేనికని యడిగి, విని, పెద్దగా నవ్వెను. "ఇండ్లకు కోసినం, గుళ్లకు కోసినం గని, పిట్టలకు బండ కోసుడు ఇదే మొదలమ్మా!" అనెను. కాని పని మాత్రము గుడికి చేసినంత శ్రద్ధతో చేసి, అంచును చేతితో తడవి చూచి మఱి యిచ్చెను. గొట్టమునకును బండకును కలిపి మాకైన వ్యయము ఆ సీమపెట్టె వెలలో సగము.

గొట్టమును రెండడుగులు నేలలో పాతి కాంక్రీటు పోయించితిమి. నేలపైన ఐదడుగుల యెత్తున ఒక యినుపకడియము అతికించి, దానిపై బండను నిలిపితిమి. బండ బరువు పదికిలోలు గనుక ఈ కట్టడి గట్టిగా నుండవలెను. పిల్లలు గొట్టమును పట్టుకొని ఊగకుండ చూడవలెను. బండపై మట్టిమూకుడు పెట్టి, చుట్టును మూడు ఇటుకముక్కలు నిలిపి, వానిపై మఱియొక వెడల్పు మూకుడు బోర్లించితిని. ఆ సందు రెండున్నర అంగుళములు. పిచ్చుక దూఱును, పావురము దూఱదు. వాన గింజలపై పడదు. ఉడుత గొట్టమెక్కి బండ అడుగుభాగము చేరెను. గొట్టమునుండి అంచునకు ఇంచుమించు తొమ్మిదంగుళములు. దాని యొడలు ఆఱేడు అంగుళములకు మించదు. నున్నని బండపై గోరు పట్టదు. తలపైకెత్తి చాలసేపు ఆలోచించి దిగిపోయెను. మేము జయించితిమనుకొంటిమి. మూడవనాడు అది మూకుడు ప్రక్కననే కూర్చుండి తినుచుండెను! ఎట్లు చేరినదని కాచియుండి చూడగా, ముందునాడు నేనే బట్టలారవేయుటకు కట్టిన తీగ బండకు నాలుగడుగుల దూరములో నున్నది. తీగ విప్పితిని. మఱల అది బండనెక్కలేదు.

మూకుడులో కొఱ్ఱలు, సజ్జలు, విఱిగిన జొన్నలు, నూకలు పోయుదును. ఉప్పుగలవి, నూనెలో వేగినవి, బూజుపట్టిన వేరుసెనగలు పెట్టరాదు. ఒక పూటకు సరిపడునంతయే పోయవలెను. వారమునకొకసారి మూకుడును రుద్ది కడిగి ఎండబెట్టనిచో పక్షులకు ఒకదానినుండి యొకటికి రోగము వ్యాపించును. వేఱుగా వెడల్పు పళ్ళెములో నీరుంచవలెను. ఉడుత వంతు జామచెట్టు మొదట, పిచ్చుకల కెదురుదిక్కున పెట్టుచున్నాను: పిడికెడు జొన్నలు, దొరకినప్పుడు జామపండు ముక్క. పిడికెడే, ఎక్కువైనచో ఊరి ఉడుతలన్నియు మా పెరటికే చేరును. ఇంటనున్న ఉడుతకును పిట్టకును ఇంత పెట్టి తినుమని మన పెద్దలు భూతయజ్ఞమును గృహస్థధర్మములలో చేర్చిరి. పెట్టుట ధర్మము, ఎవరికి ఎచ్చట పెట్టవలెనో తెలిసి పెట్టుట గృహిణి నేర్పు.

గూటిపెట్టెను మావారు క్రొత్తగా చేసిరి. కన్నము ఒకటింబావు అంగుళము. ఉడుత కొఱికి పెద్దది చేయకుండ చుట్టును రేకు. దానిని ఇంటికి తూర్పున, చెట్టుగాని తీగగాని అందని నున్నని గోడపై, అత్తగారి కిటికీకి ప్రక్కగా కట్టితిమి. గచ్చు కొంత త్రవ్వించి చిక్కుడుపాదు, కరివేపచెట్టు పెట్టి, వానికి మందు చల్లుట మానితిని. చిక్కుడాకులు కొన్ని పురుగులపాలైనవి. కూర కొంచెము తగ్గినది; ఇంటిలో నెవరును ఫిర్యాదు చేయలేదు.

ఫాల్గుణమాసమున ఒక ఉదయము నేను పొయ్యివద్ద నుండగా అత్తగారు పిలిచిరి. ఏమి కావలసెనోయని పరుగున పోతిని. ఆమె కిటికీకి చెవి యొగ్గి కూర్చుండి, చేతితో నన్ను నిశ్శబ్దముగా నుండుమని సైగచేసి, "పిల్లలైనయి బిడ్డా. మూడు గొంతులు" అనిరి. నాకు కలకల యొక్కటే వినబడెను గాని మూడని తెలియలేదు. రెండువారముల తరువాత అవి పెట్టె అంచునకు వచ్చి నోళ్ళు తెఱచినప్పుడు లెక్కపెట్టితిని. మూడే.

కావున సోదరీమణులారా, పక్షులకు గింజలు పెట్టదలచినచో ముందుగా అంగడికి పోకుడు. మీ పెరటిలో నిలువబడి, చెట్టెచ్చట, గోడయెచ్చట, తీగయెచ్చటనని కొలిచి చూచుకొనుడు. నున్నని నిలువుగొట్టము, దానిపై వెడల్పు అడ్డు, చుట్టు దుముకరాని ఎడము: ఈ మూడు కుదిరినచో ఏ పళ్ళెమైనను చాలును. బండయే కావలెనని లేదు; మీ యూరిలో దొరకు నున్నని వస్తువేదైనను సరియే. మేత పెట్టినచోట గూడు పెట్టవలదు. ఉడుతపై కఱ్ఱ యెత్తవలదు.

మా యింటిలో ఇప్పుడు నేను చాయ తీసికొనిపోవునప్పటికి అత్తగారు లేచి కూర్చుండియుందురు. తెల్లవాఱినదా యని నన్ను అడుగుట లేదు.